గదిలో ఎవరెవరున్నారు

నమోదు 1, సోమవారం

పెట్టెలో బొమ్మ సరిగా పడటం లేదని హక్కుల ఆఫీసుకు ఫోన్ చేస్తే నోటిమాట చెల్లదన్నారు. రాసి పంపాలట. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ బొమ్మ వేశారు, ఎంతసేపు ఆడింది, గదిలో ఎవరెవరున్నారు. సాయంత్రానికల్లా పుస్తకం కూడా వాళ్ళే పంపారు. సరే, రాస్తున్నాను. కోడి కెలికినట్టుండే నా దస్తూరి చదవలేకపోతే అది వాళ్ళ ఖర్మ.

పేరు కోటిలింగం. వయసు డెబ్భై. నాలుగో దిబ్బ, కళాకారుల వరస, పన్నెండో గది. సముద్రం ఊళ్ళ మీదికి వచ్చాక కట్టిన దిబ్బలన్నిటిలాగే మాకూ మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా కరెంటు ఉంటుంది. గోడకు తెర, దాని కింద అరచేతిలో పట్టేంత పెట్టె, పెట్టెకు ఒక కన్ను. ఎవరు చూస్తున్నారో ఆ కన్ను చూసుకున్నాకే తాళం తీసి బొమ్మ వదులుతుంది. కన్నుకు గుడ్డ కప్పితే అసలే ఆడదు. ఇదంతా ఆఫీసుకు తెలిసిందే, అయినా రాయమన్నారు.

ఇవాళ రెండుంబావుకు ‘అర్ధనారి వేషం’ వేశాను. నలభై ఎనిమిదేళ్ళ కిందట మా పగటివేషాల మేళం ఊరూరా తిరిగే రోజుల్లో హక్కుల సంస్థవాళ్ళు వచ్చి తీసిన బొమ్మ. మనిషి ఒక్కడే. కుడి సగం శివుడు, ఎడమ సగం పార్వతి. చేతితెర అటు తిప్పితే ఒకరు, ఇటు తిప్పితే ఇంకొకరు. వేషధారి కోటిలింగం అని మొదట్లోనే అక్షరాలు పడతాయి. ఏడాది కిందట కళాకారుల వరసలోని పెట్టెలకు ఈ బొమ్మ వదిలారు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం చూస్తున్నాను, ఒక్కనాడూ ఇబ్బంది పెట్టలేదు. ఇవాళ ఏడు నిమిషాలు ఆడి తెర నల్లబడింది. మద్దెల వినిపిస్తోంది, మనిషి లేడు. మూలన 41 అని చిన్న అంకె.

గదిలో నేను, ఆఖర్న వచ్చి కూర్చున్న మా అక్క పర్వతాలు. అక్క రెండో దిబ్బ నుంచి వచ్చి పది రోజులైంది. వచ్చీ రాగానే జ్వరంతో వెనక వసారాలో పడి ఇవాళే లేచింది. అసలు జబ్బు జ్వరం కాదు, కళ్ళు పోతున్నాయి. నాలుగు పక్కల నుంచీ చీకటి మూసుకొస్తోందట, మధ్యలో మిగిలిందీ మసకేనట. ఇంకో నెల చూపు నిలిస్తే గొప్పన్నాడు డాక్టరు. ఆ లోపల ఈ బొమ్మ ఒక్కసారి చూడాలని పడవెక్కి వచ్చింది. కాబట్టి ఆఫీసువారు తొందరపడితే మంచిది.

నమోదు 2, మంగళవారం

సుబానీ వచ్చాడు. వరస మొత్తానికి తీగలూ పెట్టెలూ చూసేది అతనే. మంచివాడే గాని, చేతిలో స్క్రూడ్రైవరు ఉన్నవాణ్ణి నేను ఓ పట్టాన నమ్మను. తీగ మార్చాడు. తెర వెనక పిన్నులు తుడిచాడు. పెట్టె గడియారం సరిచూశాడు. ఆఫీసు టైముకూ దీనికీ రెండు నిమిషాలు తేడా వచ్చినా తాళాలు ఊడవట.

“పెట్టెకే రోగమూ లేదు బాబాయ్,” అని బొమ్మ వేశాడు. నలభై నిమిషాలూ నిక్షేపంలా ఆడింది. డాక్టరు గుమ్మంలోకి రాగానే తగ్గిపోయే నొప్పి లాంటిదన్నమాట.

అతను సంచీ సర్దుకుని వెళ్ళాక మళ్ళీ మొదటి నుంచి వేశాను. ఆ టైముకు అక్క మంచినీళ్ళ క్యూ నుంచి తిరిగొచ్చింది. బిందె దించి ఇలా కూర్చుందో లేదో తెర నల్లబడింది. మళ్ళీ 41.

“సుబానీ ఉన్నంతసేపూ ఆడిందా?” అంది అక్క.

“ఆడింది.”

“నువ్వు చూశావు.”

“చూశాను.”

“ఊ,” అంది.

ఆ ‘ఊ’ నాకు నచ్చలేదు. అది అలా ఉంచితే, సుబానీ మీద అనుమానంగా ఉంది. తానున్నంతసేపు ఆడేటట్టు, గడప దాటగానే ఆగేటట్టు ఏదైనా పెట్టి పోయాడేమో. పోయిన వారం అతను భోజనానికి కూర్చుంటే నాచు పచ్చడి రెండోసారి వడ్డించలేదు నేను. అంతమాత్రానికే మనసులో పెట్టుకుంటారా? పెట్టుకునేవాళ్ళూ ఉంటారు.

నమోదు 3, గురువారం

సుబానీ మీద అనుమానం నిన్ననే పోయింది. పక్క గది క్లారినెట్ వీరరాఘవులు మీదికి వెళ్ళింది. ఆదివారాలు మా గుమ్మం ముందు జనం చేరి “అర్ధనారి తాతయ్యా” అని నన్ను పలకరిస్తుంటే అతని మొహం చూడాలి. కానీ పొద్దున అతని పెట్టె తీగ మా గోడ వైపే రాలేదని కళ్ళారా చూసి వచ్చాను. నలుగురికీ నచ్చనివాడు కాబట్టి మనసులోంచి పూర్తిగా తీసెయ్యలేదు.

ఇవాళ రెండు గంటలకు మొదలుపెట్టి పదకొండు సార్లు వేసి చూశాను. అక్క చాప మీద కూర్చుంటే నల్లబడింది. కుర్చీలో కూర్చుంటే నల్లబడింది. నా వెనక నక్కి, భుజం మీంచి చూస్తే కాస్త ఆలస్యంగా నల్లబడింది. కొంగు మొహం మీదికి లాక్కుంటే మొహం కనపడని మనిషి ఉందని మొదలే పెట్టలేదు. గడప అవతల నిలబడితే మాత్రం చక్కగా ఆడింది. కానీ అంత దూరం నుంచి ఆమెకు తెర ఒక వెలుగు మరకలా తప్ప కనపడదు. జానెడు దూరంలో కూర్చుంటే గాని మనిషి ఆనడు.

పన్నెండోసారి వెయ్యబోతే అక్క నా చెయ్యి పట్టుకుంది.

“ఒరే కోటీ, నువ్వే ఏదో చేస్తున్నావు రా.”

“నేనా? నేనెందుకు చేస్తానక్కా?”

“ఎందుకో నాకంటే నీకే బాగా తెలుసు.”

“పెట్టెకు నువ్వంటే గిట్టకపోతే నేనేం చెయ్యను?”

“పెట్టెకు నేనెవరో ఏం తెలుసు గిట్టకపోవడానికి,” అని లేచి వెళ్ళి, నాచు ఎండబెట్టిన జల్లెడలు తిరగేయడం మొదలుపెట్టింది. ఒక జల్లెడ అంచు ఆమెకు కనపడలేదు. సగం నాచు నేలపాలైంది. నేను వెళ్ళి ఎత్తబోతే వద్దంది.

నమోదు 4, శుక్రవారం

ఆఫీసు నుంచి ఫోన్. సుకన్య అని, గొంతు వింటే ముప్పై ఏళ్ళు దాటని అమ్మాయి. నేను పంపిన మూడు పేజీలూ చదివిందట. నా దస్తూరి చదవగలిగిందంటే తెలివైనదే అయి ఉండాలి. అదే భయం.

“నలభై ఒకటి అంటే నకలు అనుమానం అండి,” అంది. “బొమ్మలో వేషం కట్టిన మనిషే గదిలో ఉన్నారని కన్నుకు తోస్తే బొమ్మ ఆపేస్తుంది. తీసిన రోజునే అందులోని అడుగులన్నీ సంస్థ కొనేసుకుంది కదండీ. ఆ మనిషి పాత బొమ్మ చూసుకుని, అవే అడుగులు మళ్ళీ వేసి ఇంకొకరికి ఇవ్వకుండా ఈ కట్టడి.”

“ఓహో,” అన్నాను.

“అయితే నాదొక సందేహం కోటిలింగం గారండీ. మా రికార్డులో ఆ మనిషి మీరే. మీరు ఏడాదిగా ప్రతి ఆదివారం ఆ గదిలోనే కూర్చుని చూస్తున్నారు. ఒక్కసారి కూడా నల్లబడలేదే?”

“వయసు మీద పడింది కదమ్మా. మొహం మారిపోయింది.”

“కన్ను మొహం ఒక్కటే చూడదండీ. ఎముకలు చూస్తుంది, కూర్చునే తీరు చూస్తుంది. అవి మారవు.” కాసేపు కాగితాలు తిప్పిన చప్పుడు. “నల్లబడిన ప్రతిసారీ గదిలో మీ అక్కగారు ఉన్నారు. మేళంలో ఆవిడ ఏం చేసేవారండీ?”

“వంట,” అన్నాను.

ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగితే అక్క గుమ్మంలో ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. నా మొహం ఆమెకు సరిగా కనపడి ఉండదు, అదొక్కటే ఊరట. ఇవాళ అన్నం నన్నే వండుకోమంది.

నమోదు 5, ఆదివారం

ఈ పేజీ పంపేముందు చింపెయ్యాలి.

ఆ బొమ్మలో ఉన్నది నేను కాదు. మా అక్క. మా మేళాల్లో ఆడవాళ్ళు వేషం కట్టేవారు కాదు. ఆడవేషాలైనా మగవాళ్ళమే కట్టేవాళ్ళం. అక్క మాకు రంగులు నూరి ఇచ్చేది, చీరలు కుచ్చెళ్ళు పెట్టి ఇచ్చేది, మా అడుగులన్నీ చాటు నుంచి చూసి నేర్చేసుకునేది. కెమెరాలు వచ్చిన రోజున నాకు కాలు బెణికిందని, గత్యంతరం లేక నాన్న అక్కకు వేషం కట్టాడని మా ఇంట్లో చెప్పుకునే మాట. రంగు పూసుకుంటే ఎవరికి తెలుస్తుంది? కాగితంలో మాత్రం నా పేరే రాయించాడు. చూసినవాళ్ళంతా “మగాడై పుట్టి ఆ పార్వతిని ఎంత సొగసుగా కట్టాడయ్యా” అని నా వీపు తట్టారు. వద్దనలేదు. నలభై ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా వద్దనలేదు. ఈ ఏడాది ఆదివారాలు చూసి చూసి, ఆ తెర మీద తిరిగేది నేనేనని కొన్నిసార్లు నాకే అనిపించేది.

పొద్దున అక్క తనంతట తనే మాట కలిపింది.

“పెట్టె నన్ను గుర్తుపట్టిందన్నమాట. ఆఫీసమ్మాయి గొంతు గుమ్మం దాకా వచ్చింది, అంతా విన్నాలే.”

“విన్నావా?”

“కళ్ళు పోతున్నాయి గాని చెవులు పోలేదు. సరే, గుర్తుపట్టకుండా చెయ్యడం మనకు తెలియని విద్యా? వేషం కడదాం పట్టు.”

బైరాగి వేషం కట్టాం. మొహానికి, చేతులకు బూడిద. గడ్డానికి కొబ్బరి పీచు. నడుముకు గుడ్డలు చుట్టి కాస్త లావు చేశాను. కూర్చునే తీరు కూడా గూని పెట్టి మార్చుకుంది. చూపు ఆనకపోయినా కనుబొమలు తనే దిద్దుకుంది. వీధిలో వెళ్తున్న సుబానీ లోపలికి తొంగిచూసి “ఎవరు బాబాయ్, చుట్టాలా?” అన్నాడు. అక్క గొంతు మార్చి “శివోహం నాయనా” అంది. అతను దణ్ణం పెట్టి పోయాడు. చాలా ఏళ్ళకు ఇద్దరం కడుపారా నవ్వుకున్నాం.

పెట్టె కన్ను కూడా ఇద్దరు మగవాళ్ళని లెక్కేసుకుంది. బొమ్మ వదిలింది. అక్క తెరకు జానెడు దూరంలో కూర్చుని చూసింది. పార్వతి అద్దం చూసుకోవడం చూసింది. సిగ్గుపడటం చూసింది. పదిహేడో నిమిషంలో చేతితెర కుడి నుంచి ఎడమకు తిరిగి శివుడు మొదటి అడుగు వేస్తాడు. మద్దెల అక్కడికి వచ్చేసరికి బైరాగి భుజం లేచింది. పాదం లేచింది. నేను చెయ్యి వేసి ఆపేలోపే నేల మీద పడింది.

తెర నల్లబడింది. ఈసారి అంకె ఒక్కటే కాదు, మాటలు కూడా పడ్డాయి. మారువేషంతో చూసే ప్రయత్నం జరిగిందని, ఇంకొక్కసారి ఇలా జరిగితే ఈ గదికి ఈ బొమ్మ శాశ్వతంగా బందని.

“ఆడభాగమే చూశాను రా,” అంది అక్క, గడ్డం పీకుతూ. “ఆడదాన్ని ఆడదానిలా చేస్తే అందులో విద్యేముంది? నేను చచ్చీచెడీ సాధించింది మగభాగం. దాన్ని ఒక్కడూ మెచ్చుకోలేదు, మగాడు మగాడిలా నిలబడ్డాడనుకున్నారు. అది చూద్దామనే వచ్చాను.”

నమోదు 6, బుధవారం

సుకన్య మళ్ళీ చేసింది. ‘స్వదర్శనం’ అని ఒకటుందట. వేషం కట్టిన మనిషికి జీవితంలో ఒక్కసారి తన బొమ్మ తాను చూసుకునే అనుమతి. కదిలినా, పాడినా ఆగదు. గదిలో ఒక్కరే ఉండాలి. మీకు కావాలంటే రేపే ఇప్పిస్తానండీ, మీ పేరు మీదే ఉంది కదా, అంది.

“మా అక్కకు కావాలంటే?”

“ముందు రికార్డు మారాలండీ. ఇప్పుడు పేరున్నవాళ్ళు తమది కాదని రాసివ్వాలి.”

వల కాదు కదా అని అనుమానం. అన్నీ తెలిసే అడుగుతోందా? రాసిస్తే ఏమవుతుందో కూడా అడక్కుండానే చెప్పింది. వరసలో గది అక్క పేరుకు మారుతుంది. నేను ఆమె దగ్గర ఉంటున్న బంధువునవుతాను. తప్పు పేరుతో ఇన్నాళ్ళు చూసినందుకు ఆ బొమ్మ ఇక నా కంట పడకూడదు. ఏ గదిలోనైనా సరే, నేను ఉంటే నల్లబడుతుంది.

ఆలోచించుకుని చెబుతానన్నాను. ఆలోచన పేరుతో రోజంతా చిల్లు లేని వలకు చిల్లులు వెతికాను. సుకన్యను అనుమానించాను, సంస్థను అనుమానించాను. చివరికి అక్కనూ అనుమానించాను. పేరు కోసమే వచ్చిందేమో, కళ్ళ వంక పెట్టుకుని.

సాయంత్రం నాలుగింటికి ఆమె నాకు మజ్జిగ పోసింది. గ్లాసు పక్కనే, చాప మీద పోసింది. ధార ఎక్కడ పడుతోందో ఆమెకు తెలియలేదు. “చాలా?” అని అడిగింది. చాలన్నాను. ఖాళీ గ్లాసు ఎత్తి తాగినట్టు చప్పుడు చేశాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

“నాకో సంగతి గుర్తొస్తోంది రా,” అంది. “మనవాళ్ళు ఊళ్ళో దిగి ముప్పై రెండు రోజులు రోజుకో వేషం కట్టేవాళ్ళు కదా. ఆఖరి రోజున రంగు లేకుండా గడప గడపకీ వెళ్ళి, ‘అమ్మా, ఫలానా రోజు ఫలానా వేషం కట్టింది నేను, నా పేరు ఇదీ’ అని చెప్పుకునేవాళ్ళు. అది చెప్పకపోతే వేషం దిగనట్టే అనేవాడు నాన్న.”

“అవునక్కా.”

“బొమ్మ తీసిన ఊళ్ళో అర్ధనారి నేనేనని నువ్వే వెళ్ళి చెప్పుకున్నావు. నేను బండి దగ్గర గిన్నెలు తోముతున్నాను.” అంతే అంది. నిష్ఠూరంగా కూడా అనలేదు.

నమోదు 7, గురువారం

హక్కుల ఆఫీసు వారికి. వెనకటి పేజీ ఏదీ చింపలేదు. అన్నీ పంపుతున్నాను.

అమ్మా, అయ్యా, ఆ రోజు అర్ధనారి వేషం కట్టింది మా అక్క పర్వతాలు. ఆమె తండ్రి సిద్ధలింగం, ఆమె మేళం మా మేళమే. నేను ఆమె తమ్ముణ్ణి. నాకు కాలు బెణకలేదు. మూడు కాళ్ళ మీద నిలబెట్టిన ఆ కెమెరాను చూసి వణుకు పుట్టి, గడ్డివాములో దూరి సాయంత్రం దాకా బయటికి రాలేదు. ఈ ముక్క మా అక్కకు కూడా తెలియదు. రాసినదంతా ఇప్పుడే ఆమెకు చదివి వినిపించాను.

“గడ్డివాములోనా?” అంది.

“అవును.”

“మరి కుంటుకుంటూ వచ్చావు కదరా. వారం రోజులు ఆ కాలికి ఆవనూనె రాశాను.”

“రాశావు.”

అక్క నా కాలు ఎక్కడుందో తడిమి చూసి, మోకాలి కింద గట్టిగా ఒక్కటి వేసింది. నొప్పి ఇంకా ఉంది.

నమోదు 8, మంగళవారం

పన్నెండు రోజులు పట్టించారు. రోజూ పొద్దున లేవగానే అక్క కళ్ళ ముందు వేళ్ళు చూపించి ఎన్ని అని అడిగేవాణ్ణి. మూడు రోజులుగా జవాబు తప్పు చెబుతోంది. ఒప్పని చెబుతున్నాను. ఆఫీసు కావాలనే ఆలస్యం చేస్తోందని, ఆమె చూపు పోయాక అనుమతి ఇచ్చి చేతులు దులుపుకుంటుందని నమ్మాను. సుకన్యకు ఫోన్ చేసి అరిచాను కూడా. ఆ అమ్మాయి తిరిగి అరవలేదు. ఇవాళ ఒంటిగంటన్నరకు తనే ఫోన్ చేసి, వచ్చిందండీ, రెండింటికల్లా వేసుకోండి, అంది. ఆ అమ్మాయికి నా క్షమాపణ ఇక్కడే రాస్తున్నాను.

రెండింటికి కరెంటు వచ్చింది. అక్కను తెరకు మరీ దగ్గరగా, ముక్కు తగిలేంత దూరంలో కూర్చోబెట్టి, బొమ్మ వేసే మీట మీద ఆమె వేలు పెట్టించి బయటికి వచ్చేశాను. అరుగు మీద, వీపు గుమ్మానికి పెట్టి కూర్చున్నాను. సుబానీ ఒక పక్క, వీరరాఘవులు ఇంకో పక్క. వరసలో సగం మందికి విషయం తెలిసిపోయింది. ఎవరూ నన్ను తాతయ్యా అని పిలవలేదు. నేను తలెత్తలేదు.

మొదటి అక్షరాలు పడే చోట లోపలి నుంచి అక్క గొంతు వినిపించింది. పెద్దగా ఉన్నాయేమో, కూడబలుక్కుని చదువుకుంటోంది. ప, ర్వ, తా, లు. ఒకసారి చదివి ఇంకోసారి చదివింది.

తరవాత మద్దెల తప్ప ఏమీ లేదు. పదిహేడో నిమిషం నాకు కంఠతా వచ్చు. ఆ దెబ్బ రాగానే లోపల నేల మీద పాదం పడింది. ఈసారి బొమ్మ ఆగలేదు. శివుడు ఆడినంతసేపూ ఆమె పాదం పడుతూనే ఉంది. వీరరాఘవులు కళ్ళు తుడుచుకున్నాడు. ఇన్నాళ్ళు అతన్ని అనుమానించాను, నా బుద్ధి అలాంటిది.

బొమ్మ అయిపోయింది. అక్క గోడ పట్టుకుని బయటికి వచ్చింది. ఎంత కనపడిందని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. సుబానీ అడిగాడు.

“చూశావా పెద్దమ్మా?”

“చూడాల్సింది చూశాను నాయనా. మగభాగంలో ఒక తప్పుంది. ఇన్నేళ్ళూ నా మనసులో ఒప్పుగానే ఉండిపోయింది. తెర మీద చూస్తే తప్పు.”

“అంతమంది చూశారు, ఎవరూ పట్టుకోలేదే,” అన్నాను.

“నువ్వూ చూశావుగా, ఏడాది పాటు.” నా భుజం వెతుక్కుని దాని మీద చెయ్యి వేసింది. “లే. ఇటు నిలబడు. దాన్ని ఎలా వెయ్యాలో చూపిస్తాను. వాళ్ళు కొన్నది తప్పు అడుగు. ఇది ఎవరికీ అమ్మింది కాదు.”

ఎండలో, అరుగు మీద, డెబ్భై నాలుగేళ్ళ మా అక్క నా భుజం ఆసరాతో కుడి పాదం ఎత్తింది. నలభై ఎనిమిదేళ్ళ కిందటి తప్పు ఏమిటో చెప్పింది. సరైన అడుగు వేసి చూపించింది. నాచేత కూడా వేయించింది, నాలుగోసారికి వచ్చింది.

అది ఎలాంటి అడుగో ఇక్కడ రాయను. ఈ పుస్తకం ఆఫీసువాళ్ళు చదువుతారు.